ఎర్రరాయి ఉంగరంలో మనిషి ముఖం

యాంకర్: లైన్లో ఎవరండీ?

కాలర్: లండన్ నుంచి, మాది కాకినాడ. ఇక్కడ పాత వస్తువుల షాపులో మావారు నాకు ఉంగరం కొన్నారు మేడమ్. ఎర్రరాయి మీద ఒక మగమనిషి ముఖం పక్కకి తిరిగి, లోపలికి చెక్కి ఉంది. రోమన్ కాలందన్నాడు షాపతను. రాయి మసకబారింది, వచ్చే నెల మా ఊరి కంసాలి దగ్గర పాలిష్ పెట్టిద్దామని.

నిపుణురాలు: వద్దమ్మా, దయచేసి పాలిష్ మాటే ఎత్తకండి! ఆ మసకలో, అరుగుదల గీతల్లో దాని వయసుకి ఆధారాలుంటాయి, అవి పోతే చెప్పడం కష్టం. లోపలికి చెక్కారంటే ముద్ర వెయ్యడానికి చేసిన ఉంగరం. రోమన్ చక్రవర్తి అగస్టస్ మొదట స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న పురాణ జీవి) బొమ్మతో, తర్వాత అలెగ్జాండర్ తలతో ముద్ర వేసి, చివరికి డయాస్కురిడీస్ అనే శిల్పి చెక్కిన తన ముఖమే వాడాడు.

కాలర్: అయితే మాదీ ఆ కాలందేనా?

నిపుణురాలు: షాపువాడి మాట మీద నమ్మలేం. 18వ శతాబ్దంలో ఇటలీ వెళ్ళిన ఇంగ్లిష్ దొరలకి ఇవంటే మహా మోజు, అడిగినవాళ్ళకి అడిగినట్టు కొత్తగా చెక్కి ఇచ్చేవాళ్ళు. పోనియాటోవ్‌స్కీ అనే పోలెండ్ రాకుమారుడి దగ్గర రెండు వేలకు పైగా రాళ్ళుండేవి, చాలావాటి మీద ప్రాచీన శిల్పుల సంతకాలు కూడా. 1839లో లండన్‌లో వేలం వేశారు, ఎక్కువ భాగం అప్పట్లో చెక్కించినవేనని తేలింది. అదే శతాబ్దంలో జేమ్స్ టాసీ అనే స్కాట్లండ్ శిల్పి అయితే గాజులోనే నకళ్ళు పోసి అమ్మాడు. పదింతలు చూపించే భూతద్దం పెట్టి చూడండి, లోపల గుండ్రటి గాలిబుడగలుంటే గాజే.

కాలర్: బుడగల్లేవండి, చూశాను. జుట్టు దగ్గర సన్నటి గాడులున్నాయి.

నిపుణురాలు: సంతోషం! కార్నీలియన్ అనే ఇలాంటి ఎర్రరాయిని ఉక్కు కత్తి కూడా గీయలేదు, అందుకని తిరిగే చిన్న మొనకి నూనె, కురువిందం అనే గట్టి ఖనిజం పొడి అంటించి అరగదీసేవాళ్ళు. ఆ గాడులు అలాగే వస్తాయి, అయితే 18వ శతాబ్దంవాళ్ళూ అదే పద్ధతి వాడారు, కాబట్టి వాటితోనే కాలం తేలదు. నిజంగా రోమన్‌దైతే రాయి మన గుజరాత్‌దే కావచ్చు, అప్పట్లో భరూచ్ రేవు నుంచి ఇలాంటి రాళ్ళు అటు వెళ్ళేవి.

కాలర్: మరి ఇండియాకి తెచ్చి మీకు చూపించనా?

నిపుణురాలు: తేవద్దమ్మా. 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురావస్తువుల్ని వ్యక్తులు దేశం దాటించకూడదు, తిరిగెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో లేనిపోని టెన్షన్. పక్కనుంచి లైటు పడేలా ఫోటోలు తియ్యండి, ఉంగరం వెనకవైపు కూడా. అక్కడే పాత నగలు చూసే వేలం సంస్థకి చూపించండి, షాపు బిల్లు పట్టుకెళ్ళడం మర్చిపోకండి.