పదో మనిషి వస్తేనే ప్రార్థన: న్యూజెర్సీలో యూదుల షుల్ ఎలా నడుస్తుంది

నమస్తే అండీ. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనుక్కుని రూట్ 27 పట్టుకుంటే కాసేపట్లో హైలాండ్ పార్క్ వచ్చేస్తుంది. ఎడిసన్‌కీ రారిటన్ నదికీ మధ్యన చిన్న ఊరు. శనివారం పొద్దున ఈ వీధుల్లో కుటుంబాలకు కుటుంబాలే నడుచుకుంటూ వెళ్తుంటాయి. పెద్దల భుజాన తెల్ల శాలువాలు, స్ట్రోలర్లలో పిల్లలు. అందరూ షుల్‌కే, అంటే యూదుల ప్రార్థన మందిరానికి. ఆచారాలు కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్, కాస్త సడలించిన కన్సర్వేటివ్, స్పెయిన్ మూలాల సెఫార్దీ, అన్ని సంప్రదాయాల వాళ్లూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ముందే ఒక మాట, ఈ వీడియోలో శనివారం దృశ్యం ఒక్కటీ ఉండదు. ఆ రోజు కెమెరా తీయడం వాళ్లను నొప్పించడమే. మీరు చూసేదంతా మామూలు రోజుల్లో తీసినదే.

మన గుడిలో పూజారి గారు ఒక్కరే ఉన్నా అర్చన ఆగదు. ఇక్కడ రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, వచ్చి కూర్చున్నా, పది మంది లేకపోతే ప్రార్థనలో ముఖ్యమైన భాగాలన్నీ ఆగిపోతాయి. రబ్బీ లేకపోయినా మాత్రం ఏదీ ఆగదు. ప్రార్థన వచ్చిన మనిషి ఎవరైనా ముందు నిలబడి నడిపించొచ్చు. ఆ పది మంది కూటమిని మిన్యాన్ అంటారు. 13 ఏళ్లు నిండి ఉండాలి. ఆర్థడాక్స్ షుల్‌లలో మగవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఆడవాళ్లనూ లెక్కపెట్టవచ్చని కన్సర్వేటివ్ వాళ్ల ధర్మశాస్త్ర సంఘం 1973లో తీర్మానించింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లను బెనె ఎఫ్రాయిమ్ అంటారు. మన భాషకు ఈ ప్రార్థనలు బొత్తిగా కొత్త కాదు.

మనుషుల్ని ఒకటి, రెండు అని వేలు చూపించి లెక్కపెట్టరు, అది మంచిది కాదని నమ్మకం. కీర్తనల్లో సరిగ్గా పది హీబ్రూ మాటలున్న వాక్యం ఒకటుంది, 28వ కీర్తన చివరి వాక్యం. గది వైపు చూస్తూ మనిషికో మాట చొప్పున దాన్ని చదువుతారు. వాక్యం పూర్తయితే పది మంది ఉన్నట్టు. మన కళ్లాల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాళ్లే, అది గుర్తున్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

తొమ్మిది మందే ఉంటే ఎవరి ప్రార్థన వాళ్లు మెల్లగా చదువుకుంటారు. తోరా చుట్ట, అంటే చుట్టిపెట్టిన వాళ్ల ధర్మగ్రంథం, మాత్రం తీయరు. కద్దిష్ చెప్పరు. అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న మనిషి వాళ్ల పేరు మీద చెప్పే ప్రార్థన అది, అరామిక్ భాషలో ఉంటుంది. దానికోసమే పొద్దున్నే లేచి వచ్చిన మనిషి, పదోవాడు లేక నోరు విప్పకుండా వెనక్కి పోవాల్సి వస్తుంది. అందుకే చుట్టుపక్కల ఇళ్లకు ఫోన్లు వెళ్తాయి, "ఒక్కరు తక్కువ" అని. అప్పటికే ప్రార్థన ముగించుకున్నవాళ్లు కూడా వచ్చి కూర్చుంటే లెక్కకు వస్తారు. కాకపోతే పదిలో ఎక్కువమంది, అంటే కనీసం ఆరుగురు, ఇంకా ప్రార్థన చేయనివాళ్లయి ఉండాలి. పది మందితో మొదలుపెట్టిన భాగం మధ్యలో ఎవరో రైలు టైమైందని లేచి వెళ్లినా, ఆరుగురు మిగిలితే చాలు, ఆ భాగం పూర్తి చేసుకోవచ్చు.

ఈ లెక్క చూసుకునే మనిషి గబ్బాయ్. జీతం ఉండదు. ఎవరు ముందు నిలబడాలి, ఎవరిని తోరా దగ్గరికి పిలవాలి, ఈ వారం ఎవరింట్లో సంవత్సరీకం ఉంది, ఇదంతా ఆయన పని. రోజుకు మూడు ప్రార్థనలు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మధ్యాహ్నందీ రాత్రిదీ సూర్యాస్తమయానికి అటూ ఇటూ పెట్టి ఒకే రాకలో రెండూ కానిచ్చేస్తారు. మామూలు రోజుల్లో కష్టమంతా పొద్దుటి ప్రార్థనకే, న్యూయార్క్ రైళ్లు పట్టుకోవాల్సినవాళ్లు కదా. సోమ, గురువారాల్లో తోరా చదువు కూడా ఉంటుంది, కాబట్టి కాస్త ముందే మొదలుపెడతారు.

ఇక శుక్రవారం. వాళ్ల వారపు విశ్రాంతి రోజు షబ్బాత్ ఈ సాయంత్రమే మొదలవుతుంది, దాని దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగించాలి. డిసెంబరులో న్యూజెర్సీలో అది సాయంత్రం 4:10 ప్రాంతం, జూన్ చివర్లో 8:10 దాటాక. మీ టీంలో షబ్బాత్ పాటించేవాళ్లుంటే చలికాలంలో శుక్రవారం మూడింటికి మీటింగ్ పెట్టకండి. ఆ తర్వాత శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించే దాకా ఫోన్ లేదు, కారు లేదు, స్విచ్చి లేదు, రాత లేదు. చేయకూడని పనులు 39 రకాలని శాస్త్రం లెక్క. లైట్లకు టైమర్ ముందే పెట్టేస్తారు. మాంసం, చిక్కుళ్లు, బార్లీ, బంగాళాదుంపలతో చేసే చోలెంట్‌ను శుక్రవారం మధ్యాహ్నమే స్లో కుక్కర్‌లో ఎక్కించి రాత్రంతా ఉడకనిస్తారు. శనివారం ఎవరికీ కబురు పంపే దారి ఉండదు కాబట్టి గబ్బాయ్ పిలుపులన్నీ శుక్రవారం దీపాల వేళకే ముగియాలి.

ఇప్పుడు ఈ కరెంటు స్తంభం చూడండి. పక్కన సన్నటి ప్లాస్టిక్ పట్టీ నిలువుగా కొట్టి ఉంది. పైన ఆ పట్టీకి సరిగ్గా నడినెత్తిన తీగ పోతోంది. ఇదే ఎరూవ్. షబ్బాత్ రోజు ఇంటి గడప దాటించి వీధిలోకి ఏదీ మోసుకెళ్లకూడదు. చంటిపిల్లను ఎత్తుకోవడం, స్ట్రోలర్, జేబులో తాళంచెవి, ఏవీ కుదరవు. ఊరి చుట్టూ ఆగకుండా హద్దు గీసి లోపలంతా ఒకే లోగిలి అనుకుంటే మోసుకెళ్లవచ్చు. రెండు నిలువు కర్రలు, పైన అడ్డంగా తీగ, అంటే ద్వారబంధం లెక్క. అలాంటి గుమ్మాలు వరసగా పెట్టుకుంటూ పోతే అదే గోడ. నిలువు పట్టీ ఎత్తు కనీసం పది బెత్తెలు, దాదాపు మీటరు ఉంటే చాలు. తీగ మాత్రం దాని మీదుగా పోవాలి. పక్కన తగిలించి లాగితే చెల్లదు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కరెంటు కంపెనీ పాత స్తంభం పీకి కొత్తది రెండడుగులు అవతల పాతుతుంది, పట్టీ పాతదానితో పాటే పోతుంది. లేదా మంచు తుఫానుకు కొమ్మ విరిగి తీగ తెగుతుంది. అందుకని గురువారమో శుక్రవారం పొద్దున్నో ఒక మనిషి హద్దు మొత్తం తిరిగి చూస్తాడు. గురువారమైతే బాగుచేయడానికి ఒక రోజు చేతిలో ఉంటుంది. ఊరి అధికారుల దగ్గర ఆ స్థలాన్ని నామమాత్రపు అద్దెకు తీసుకోవడం కూడా ఇందులో భాగమే. ఎరూవ్ పడిపోయిన వారం చంటిపిల్లల తల్లిదండ్రులు ఇల్లు కదలలేరు, వీల్‌చెయిర్ తోయాల్సిన పెద్దవాళ్లూ అంతే. ఆ వారం షుల్‌లో జనం పలచబడతారు.

శనివారం పొద్దుటి ప్రార్థనకు నడుమ భాగం తోరా చదువు. మొత్తం 54 భాగాలు, ఏడాదికి ఒక చుట్టు. చేత్తో తోలు మీద రాసిన చుట్ట, 3,04,805 అక్షరాలు. అచ్చుల గుర్తులు ఉండవు, రాగం గుర్తులూ ఉండవు. చదివే మనిషి వాటిని ముందే కంఠతా పట్టాలి. అభ్యాసానికి వాడే పుస్తకంలో ఒక వరసలో గుర్తులతో, పక్క వరసలో చుట్టలో ఉన్నట్టే బోసిగా అచ్చేస్తారు. ఒకటి చూసి నేర్చుకుని, రెండోది చూసి తమను తాము పరీక్షించుకుంటారు. మన వేదపాఠశాలలో స్వరం తప్పితే గురువు ఆపినట్టే ఇక్కడా ఇద్దరు పక్కన నిలబడి, అర్థం మారే తప్పు దొర్లితే ఆపి మళ్లీ చదివిస్తారు. ఏడుగురిని పిలుస్తారు. మొదట కోహెన్, అంటే పాతకాలపు ఆలయ పురోహితుల వంశస్థుడు, రెండోది వాళ్లకు సాయపడిన లేవీ వంశస్థుడు, తర్వాత మిగతావాళ్లు. కొత్తగా వచ్చిన యూదుణ్ణి గుమ్మం దగ్గరే "మీరు కోహెనా?" అని అడగడం అందుకే. చుట్టలో ఒక అక్షరం చెరిగిపోయినట్టు కనబడితే అక్కడే ఆపి ఇంకో చుట్ట తీయాలి. చదువు ముగిశాక ఒకరు చుట్టను తెరిచి పైకెత్తి అందరికీ చూపిస్తారు. ఏడాది మొదట్లో బరువంతా ఎడమ కర్ర మీదే ఉంటుంది, ఎడమ చెయ్యి బలం లేనివాళ్లు ఆదికాండం వారాల్లో ఒప్పుకోకపోవడమే మేలు. కింద పడితే ఉపవాసాలుండే ఆచారం ఉంది.

ప్రార్థన అయ్యాక కిద్దుష్. ద్రాక్షసారా లేదా ద్రాక్షరసం గిన్నె పట్టుకుని మంత్రం చెప్పి, తర్వాత అందరూ కలిసి తింటారు. ఇక్కడే మనవాళ్లు ప్రేమతో పొరపాటు చేస్తారు. "శాకాహారమేగా" అని ఇంట్లో కలిపిన పులిహోర పట్టుకెళ్తారు. కోషర్ అంటే దినుసులొక్కటే కాదు, వండిన గిన్నె, పొయ్యి కూడా లెక్కే. కరివేపాకు, కొత్తిమీరలో పురుగు లేదని ఆకు ఆకూ చూసి ఉండాలి. నెయ్యి పడితే అది పాల వంట, మాంసం ఉన్న బల్ల మీదికి తేకూడదు. పస్కా పండుగ ఎనిమిది రోజులూ ఇంకా గట్టి. మన ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలుపుతారు, పులిసే ధాన్యం కాబట్టి అది ఇంట్లోనే ఉండకూడదు. తూర్పు, మధ్య ఐరోపా మూలాల అష్కెనాజీ ఇళ్లలో చాలామంది ఆ రోజుల్లో బియ్యం, పప్పులు, ఆవాలు కూడా ముట్టరు. కాబట్టి కోయని పండ్లు ఇవ్వండి. లేదంటే గుండ్రటి గీతలో "యు" అక్షరం లాంటి కోషర్ ముద్ర ఉన్న, సీలు విప్పని ప్యాకెట్. ఇవ్వడం కూడా శుక్రవారం మధ్యాహ్నమే.

ఎవరైనా పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి పేరు చెప్పండి. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ షుల్‌లో 11 మందిని కాల్చి చంపిన తర్వాత చాలా చోట్ల తలుపులు తాళం వేసే ఉంటున్నాయి, బ్యాగు చూస్తారు, ఓపిగ్గా చూపించండి. మగవాళ్లు గుమ్మం దగ్గర పెట్టెలోంచి టోపీ తీసి పెట్టుకోవాలి. శాలువా మాత్రం మనం కప్పుకోకూడదు. ఫోన్ కారులోనే వదిలేయండి. తోరా పెట్టె తలుపు తెరిస్తే లేచి నిలబడండి. మనల్ని పది మందిలో లెక్కపెట్టరు, అందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

తద్దినం తిథి ప్రకారం పెట్టే మనకు వాళ్ల యార్‌ట్సైట్ ఇట్టే అర్థమవుతుంది. పోయిన రోజును హీబ్రూ తేదీని బట్టి ఏటా గుర్తుపెట్టుకుంటారు. చాంద్రమాసాలే, కాబట్టి వాళ్లకూ అధికమాసం ఉంది. 19 ఏళ్లలో ఏడుసార్లు, ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది. 2024లో అలాగే వచ్చింది. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక సాయంత్రం ఏడింటికి పోయినవాళ్లది చలికాలంలో అయితే మర్నాటి తేదీ కిందికి వెళ్తుంది. తేదీ తప్పడం ఇక్కడే జరుగుతుంది, గంట కూడా రాసిపెట్టుకోవాలి. ముందు రోజు రాత్రే 24 గంటలు వెలిగే దీపం పెట్టి, షుల్‌కు వచ్చి కద్దిష్ చెబుతారు.

మరణం జరిగిన ఇంట్లో ఏడు రోజులు సంతాపం పాటిస్తారు, దాన్ని షివా అంటారు. పాతిపెట్టిన రోజే మొదటి రోజు. ఆ ఇంటివాళ్లు గడప దాటరు కాబట్టి పది మందే ఆ ఇంటికి వెళ్తారు. షుల్ నుంచి ప్రార్థన పుస్తకాలు, మడత కుర్చీలు, పొట్టి కాళ్ల కుర్చీలు వెళ్తాయి, ఒక్కోసారి తోరా చుట్ట కూడా. పూటకు ఎవరు వస్తారో జాబితా వేసుకుంటారు. వంట పంపేవాళ్లదీ ఒక జాబితా. మొదటి భోజనం ఇరుగుపొరుగు తేవాలి, గుడ్లు, కాయధాన్యాల్లాంటి గుండ్రటివి పెడతారు. మీ పక్కింట్లో షివా ఉంటే బెల్లు కొట్టకండి, తలుపు తీసే ఉంటుంది. పూలు వద్దు. హలో అనకండి. వెళ్లి కూర్చుని, వాళ్లు మాట్లాడే దాకా ఆగండి. వాళ్లు మాట్లాడకపోతే మీరూ మాట్లాడనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా పలకరింపులు ఉండవు. మధ్యలో పెద్ద పండుగ వస్తే షివా అంతటితో ముగిసిపోతుంది.

ఏడో రోజు పొద్దున ప్రార్థన అయ్యాక కాసేపు కూర్చుని, వచ్చినవాళ్లు "ఇక లేవండి" అంటారు. షివా రోజుల్లో అద్దాల మీద కప్పి ఉంచిన గుడ్డలు తీసేసి, ఆ ఇంటివాళ్లను వెంటబెట్టుకుని వీధి చుట్టూ ఒకసారి నడిచి వస్తారు. అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న మనిషి ఆ రోజు నుంచి తనే షుల్‌కు వస్తారు, మరణం నాటి నుంచి 11 నెలలు నిండే దాకా. కద్దిష్ చెప్పాలంటే పక్కన ఇంకో తొమ్మిది మంది ఉండాలి కదా.