ఇంట్లో దుబాసీ, తరగతిలో మౌనం: అమెరికాలో హిస్పానిక్ విద్యార్థుల స్వీయభావన

[దృశ్యం: దక్షిణ టెక్సస్‌లో ఒక వంటగది. బల్లపై పన్ను కాగితాలు, ల్యాప్‌టాప్.]

వ్యాఖ్యాత: కాలేజీ చదువుకు ప్రభుత్వ ఆర్థిక సహాయం కోరుతూ పెట్టుకునే ఫాఫ్సా దరఖాస్తును ఈ అమ్మాయి నింపుతోంది. ఇంగ్లిష్‌లో ఉన్న పన్ను కాగితాలను తల్లిదండ్రులకు స్పానిష్‌లో వివరిస్తూ, ఒక్కో అంకె సరిచూసుకుంటోంది. చిన్ననాటి నుంచి ఆస్పత్రిలోనైనా బ్యాంకులోనైనా ఆ ఇంటికి దుబాసీ ఈమే. అయినా చదువులో తన సామర్థ్యం ఎంతని అడిగితే, ఈ పనులేవీ ఆమె లెక్కలోకి రావు.

[తెరపై: స్వీయభావన]

తన గురించి తాను ఏర్పరచుకున్న అభిప్రాయాల సముదాయమే స్వీయభావన. అది ఏకశిల కాదని, చదువు, స్నేహాలు, శరీరం వంటి రంగాలవారీగా విడివిడిగా రూపుదిద్దుకుంటుందని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ షావెల్సన్ బృందం 1976లో ప్రతిపాదించింది. ఇంటిని చక్కబెట్టగలనని నమ్మే విద్యార్థిని తరగతిలో చేయి ఎత్తడానికి జంకడం అందుకే వింత కాదు.

ఇక ప్రేరణ సంగతి. హిస్పానిక్ విద్యార్థులకు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న కుటుంబాల పిల్లలకు, చదువుపై ఆసక్తి తక్కువనే మాట తరచు వినిపిస్తుంది. అది తొందరపాటు తీర్పు. అమ్మానాన్నల కష్టం వృథా కాకూడదనే పట్టుదలను బయటి ఒత్తిడిగా కొట్టిపారేయలేము. మనస్తత్వవేత్తలు డెసీ, ర్యాన్‌ల స్వీయనిర్ణయ సిద్ధాంతం ప్రకారం, మనస్ఫూర్తిగా తనదిగా చేసుకున్న విలువ ఎవరి నుంచి వచ్చినా స్వంత ప్రేరణే అవుతుంది. చిక్కు మరోచోట ఉంది. అమెరికన్ విశ్వవిద్యాలయాలు 'నీ దారి నువ్వే వెతుక్కో' అనే స్వతంత్ర ధోరణిని ఆదర్శంగా చూపుతాయి. కుటుంబంలో తొలిసారి కాలేజీ గడప తొక్కినవారికి ఆ ధోరణి పొసగక, వారి చదువు దెబ్బతింటోందని మనస్తత్వవేత్త నికోల్ స్టీఫెన్స్ బృందం 2012లో చూపింది.

అయితే హిస్పానిక్‌లందరూ ఒకేలా ఉండరు. మయామీలోని క్యూబన్ వైద్యుడి కూతురికీ, కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో పనిచేసే మెక్సికన్ కూలీ కొడుకుకీ ఒకే మనస్తత్వాన్ని అంటగట్టడం అన్యాయం.

[దృశ్యం: తరగతి గదిలో వ్యాసాలు రాస్తున్న విద్యార్థులు.]

విద్యార్థుల్లో నాలుగో వంతు హిస్పానిక్‌లైతే ఆ కళాశాలకు ప్రత్యేక గుర్తింపునిచ్చే ఏర్పాటు 1992 నాటి సమాఖ్య చట్టంలో చేరింది. కానీ అది తలల లెక్క మాత్రమే. తరగతిలో ఏం జరుగుతుందో అది చెప్పదు. దానికి పదకొండేళ్ల ముందే, 1981లో, కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో షాబో కాలేజీ అధ్యాపకురాలు ప్యాట్రీషియా మెక్‌గ్రాత్, కౌన్సెలర్ ఫెలిక్స్ గలావిజ్ కలిసి పుఎంతే (స్పానిష్‌లో 'వంతెన') కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అందులో విద్యార్థులు లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) సాహిత్యం చదువుతూ, తమ ఇంటి అనుభవాలనే వ్యాసాలుగా రాస్తారు. కౌన్సెలర్ వెన్నంటి ఉంటారు. తమ సమాజం నుంచే వచ్చిన ఉద్యోగస్థులు మార్గదర్శకులుగా ఉంటారు. అంటే, ఇంట్లో సంపాదించిన నేర్పును చదువు ఖాతాలో జమ చేసే పని అధ్యాపకులే చేపడతారు. ఈ నమూనా తరువాత కాలిఫోర్నియాలోని ఎన్నో కమ్యూనిటీ కాలేజీలకు, అంటే స్థానికులకు రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలకు, విస్తరించింది.