ఉపగ్రహ పటంతో కలిసినంత మాత్రాన మోడల్ సరైనదేనా?

[స్క్రీన్ మీద: పక్కపక్కన రెండు పటాలు, బంగాళాఖాతం]

ఎడమ పక్కది ఉపగ్రహం చూసిన క్లోరోఫిల్, అంటే నీళ్లలోని సూక్ష్మ మొక్కల్లో ఉండే పచ్చ పదార్థం. కుడి పక్కది మోడల్, అంటే సముద్రాన్ని లెక్కల్లో అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రామ్, లెక్కగట్టింది. రెండింట్లోనూ తీరం వెంట పచ్చగా, లోపలికి పోయేకొద్దీ నీలంగా ఉంది. ఇది చూపించి "మా మోడల్ సరిపోయింది" అనేస్తారు. ఆ మాట వింటే నాకు చిరాకు. ఎందుకో చెబుతాను.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. గిన్నె అంతా ఒకే తీరుగా ఉడికినప్పుడు అది నిజమే. సముద్రం అలా ఉండదు. బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, మహానది, గంగా బ్రహ్మపుత్రలు తెచ్చే మంచినీళ్లు ఉప్పునీటి మీద మూత పెట్టినట్టు పరుచుకుంటాయి. పైది తేలిక, కిందది బరువు. గాలి వీచినా రెండూ సులువుగా కలవవు. నైట్రేట్ లాంటి పోషకాలు ఎక్కువగా కిందే ఉండిపోతాయి. అందుకే తీరానికి దూరంగా ఫైటోప్లాంక్టన్, అంటే ఆ సూక్ష్మ మొక్కలు, పైన పల్చగా ఉండి, చాలాసార్లు 50 మీటర్ల లోతు దాటాక దట్టమవుతుంది. ఉపగ్రహానికి కనిపించేది పై పొరే. అంటే మనం పై మెతుకులే పట్టుకుని చూశాం, అడుగుకి గరిటె పెట్టలేదు.

తీరం దగ్గర ఇంకో చిక్కు. వరదలప్పుడు గోదావరి కలిసే చోట ఒండ్రు నీటి రంగునే మార్చేస్తుంది. ఆ రంగుని ఉపగ్రహం లెక్క క్లోరోఫిల్‌గా పొరబడే అవకాశం ఉంది. అక్కడ మోడల్ కలవకపోతే తప్పు ఎవరిది? పడవలో వెళ్లి, నీళ్లు పట్టి, వడకట్టి, ల్యాబ్‌లో కొలిస్తే గానీ తేలదు. ఈ పని చేసేవాళ్ల కష్టానికి రావాల్సినంత పేరు రావడం లేదని నా బాధ.

అయితే ఆ బాటిల్ నీళ్లూ ఒక్క మెతుకే. మోడల్ సముద్రాన్ని గడులుగా విడగొడుతుంది. ఒక గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు, అందులో ఉండేది సగటు. కాబట్టి ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, లోతులోనూ కొలవాలి.

విశాఖ తీరం తీసుకోండి. మార్చి, ఏప్రిల్‌లలో నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే పైనీరు సముద్రం లోపలికి జరుగుతుంది, కింది నుంచి చల్లటి నీరు పోషకాలతో పైకొస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ దీని గురించి అప్పుడే రాశారు. ఆ నెలల్లో మోడల్ అక్కడ పచ్చదనం చూపిస్తే నేను ఊరుకోను. ముందు నీరు చల్లబడిందా? నైట్రేట్ పెరిగిందా? ఆ తర్వాతే క్లోరోఫిల్ పెరిగిందా? మోడల్ నైట్రేట్‌ని తక్కువ చేసి, ఫైటోప్లాంక్టన్‌ని తినే జూప్లాంక్టన్‌ని కూడా తక్కువ చేస్తే క్లోరోఫిల్ సరిగ్గానే రావచ్చు. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పేస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

తేడాని లాగ్‌లో (లాగరిథమ్‌లో), అంటే ఎన్ని రెట్లు అని చూడండి. క్లోరోఫిల్ 0.1 ఉండాల్సిన చోట 0.2 వస్తే రెట్టింపు. 5 ఉండాల్సిన చోట 5.1 వస్తే ఏమీ కాదు. మామూలు తీసివేతలో రెండూ ఒకటే.

కోరిలేషన్, అంటే మోడల్, కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతున్నాయో చెప్పే సంఖ్య (గరిష్ఠం 1), 0.9 వచ్చిందని సంబరపడకండి. నెలవారీ సగటు పట్టిక పెట్టినా ఎక్కువే రావచ్చు, ఎందుకంటే రుతువులు ఎలాగూ మారతాయి. ఆ సగటు తీసేసి మళ్లీ చూడండి. కార్ల్ టేలర్ 2001లో ఇచ్చిన టేలర్ డయాగ్రమ్ అనే గ్రాఫ్‌లో కోరిలేషన్‌తో పాటు హెచ్చుతగ్గులు ఎంతున్నాయో కూడా కనిపిస్తుంది, కానీ సగటు తేడా కనిపించదు. దాన్ని విడిగా రాయాలి.

పచ్చదనం సరైన మోతాదులోనే వచ్చి 20 కిలోమీటర్లు పక్కకి జరిగితే, ఉన్నచోట లేదని ఒకసారి, లేనిచోట ఉందని ఇంకోసారి మార్కులు పోతాయి. అలాంటప్పుడు చుట్టుపక్కల గడులు కూడా కలిపి చూడాలి.

మోడల్‌ని సరిదిద్దడానికి వాడిన కొలతలతోనే మళ్లీ పరీక్ష పెట్టకండి, వేరే ఏడాదివి తీసుకోండి. ఆక్సిజన్ లెక్క ఇందులో పట్టలేదు, అది వచ్చే వీడియోలో.