క్యూసెక్కు అంటే ఎన్ని క్యాన్లు?

శ్రోతలందరికీ నమస్కారం అండి. పిల్లలకి లెక్కలు ఇష్టంగా ఎలా చెప్పాలి అనే విషయం మీద మాట్లాడమన్నారు. దీని మీద గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు ఉన్నారు, నాకేమో చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలు, అందుకని సిద్ధాంతాలన్నీ పక్కన పెట్టేసి ఒకే ఒక్క లెక్క గురించి చెప్తాను. బెజవాడ లెక్క. కృష్ణ నీళ్ల లెక్క.

వానాకాలం వచ్చిందంటే రేడియోలో, టీవీలో, పేపర్లో రోజూ ఒకటే మాట కదా. ప్రకాశం బ్యారేజీకి ఇన్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు, మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక. మనం కూడా టీ తాగుతూ ‘అబ్బో, ఈసారి ఐదు లక్షలు దాటిందంట’ అనేసుకుంటాం. సరే, ఏంటి దాటింది? క్యూసెక్కు అంటే ఎంత? మా స్టాఫ్ రూమ్‌లో అడిగి చూశానండి, ఫిజిక్స్ మేడం తప్ప అందరూ నవ్వేసి ఊరుకున్నారు. ఏళ్ల తరబడి చెవిలో పడుతున్న మాట, ఎంతో తెలీదు. తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు, మనం అడగలేదు.

ఎనిమిదో తరగతి వాళ్ళకి ఘనపరిమాణం చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పుస్తకం తెరవకుండా ఇదే అడిగాను. క్యూసెక్కు అంటే ఎంత నీళ్ళు ఉండొచ్చురా? తెలిసినవాళ్ళు చేతులెత్తండి అనలేదు, ఎందుకంటే అలా అంటే ఎప్పుడూ ఎత్తే ఆ నాలుగు చేతులే లేస్తాయి. ఎవరికి వాళ్ళు నోట్సు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయండి, ఊహించి రాయండి, తప్పయితే కొట్టను తిట్టను అన్నాను. ఒకడు బకెట్ అన్నాడు. ఒకమ్మాయి ట్యాంకర్ అంది. కృష్ణలంక నుంచి వచ్చే పిల్లాడు, వాళ్ళది రిటైనింగ్ వాల్ పక్కనే ఇల్లు, వాడు ‘ఒక బావి నిండా మేడం’ అన్నాడు. నేను ఎవరిదీ కరెక్ట్ అనలేదు, ఎవరిదీ తప్పనలేదు.

అప్పుడు చెప్పాను, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అడుగు పొడవు అడుగు వెడల్పు అడుగు ఎత్తు ఉన్న డబ్బా నిండా నీళ్ళు ఒక్క సెకనులో వెళ్లిపోవడం. మరి ఆ డబ్బా ఎంత ఉంటుందో చూద్దాం, స్కేళ్ళు తియ్యండి అన్నాను. పెద్ద స్కేలు, ముప్ఫై సెంటీమీటర్లది, దానికి రెండో వైపు పన్నెండు అంగుళాలు ఉంటాయి కదా. డబ్బాకి అంచులెన్ని? పన్నెండు. కాబట్టి పన్నెండు స్కేళ్ళు, ఆడపిల్లల జడలకుండే రబ్బర్ బ్యాండ్లు. కట్టడం మొదలుపెట్టారండి, ఒక మూల కడితే ఇంకో మూల ఊడిపోతుంది, నలుగురు పట్టుకుంటే గానీ నిలబడలేదు, గోలంటే గోల, పక్క క్లాసు నుంచి సోషల్ సార్ వచ్చి ఒకసారి తొంగి చూసి వెళ్లారు కూడా. కానీ నిలబడింది. బెంచీ మీద ఒక ఘనపుటడుగు, ఖాళీగా, స్కేళ్ళతో. దాన్ని చూసి పిల్లలు అన్న మొదటి మాట ఏంటంటే, ‘ఇంతేనా?’

ఆ ‘ఇంతేనా’ కోసమేనండి ఈ గొడవంతా.

ఇందులో ఎన్ని లీటర్లు పడతాయి? ముప్ఫై ఇంటూ ముప్ఫై ఇంటూ ముప్ఫై, 27,000 ఘనపు సెంటీమీటర్లు, వెయ్యికి ఒక లీటరు కాబట్టి 27 లీటర్లు. చకచకా చేసేశారు. నేను బోర్డు మీద 28.3 అని రాశాను. క్లాసంతా గొడవ, మేడం మీది తప్పు, మాది కరెక్టు. సరే ఎక్కడుంది తేడా, మీరే వెతకండి అని కూర్చున్నాను. కాసేపటికి కిటికీ పక్క బెంచీ అమ్మాయి స్కేలుని తిప్పి చూసి, పన్నెండో అంగుళం గీత ముప్ఫై సెంటీమీటర్ల గీతకి కొంచెం అవతల ఉంది మేడం అంది. అంతే. అడుగంటే 30.48 సెంటీమీటర్లు. అర సెంటీమీటరు కూడా లేదు ఆ తేడా. మరి అంత చిన్న తేడాకి లీటరుకి పైగా ఎలా పెరిగింది? ఎందుకంటే ఆ తేడా పొడవులో ఉంది, వెడల్పులో ఉంది, ఎత్తులో ఉంది, మూడుసార్లు గుణించుకుంటున్నాం. ఘనపరిమాణం అంటే ఏంటో ఆ రోజు ఆ పిల్ల కనిపెట్టింది అని నేనంటాను, ఫార్ములా నేను ఇంకా బోర్డు మీద రాయనే లేదు.

ఇక్కడి నుంచి నేను ఆపినా వాళ్ళు ఆగరు. ఇంట్లో తెప్పించుకునే మంచినీళ్ళ క్యాను 20 లీటర్లు. అంటే క్యూసెక్కు అంటే ఒక క్యాను, ఇంకో అర క్యాను కంటే కాస్త తక్కువ, ఒక్క సెకనులో. సరే, 2024 సెప్టెంబర్ మొదట్లో వరదొచ్చినప్పుడు బ్యారేజీ దగ్గర ఎంత పోయింది? 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. 1957లో బ్యారేజీ పూర్తయినప్పటి నుంచి చూస్తే అదే రికార్డు. లీటర్లలో చేస్తే సెకనుకి మూడు కోట్ల 23 లక్షల పైన. ఈ కోట్లు పిల్లలకి ఎక్కవు, నిజం చెప్పాలంటే నాకూ ఎక్కవు. ఎండాకాలం మన వీధుల్లోకొచ్చే నీళ్ళ ట్యాంకరు ఐదువేల లీటర్లది అనుకుందాం అన్నాను. భాగించారు. సెకనుకి ఆరువేల నాలుగు వందల పైచిలుకు ట్యాంకర్లు. బ్యారేజీకి గేట్లు 70, సమానంగా పంచుకున్నామనుకుంటే ఒక్క గేటు కింద నుంచి సెకనుకి 92 ట్యాంకర్లు. చదివి వినిపించిన పిల్లాడు ఒక్క క్షణం ఆగి, తప్పు చేశానేమో అని మళ్లీ మొదటి నుంచి భాగించాడు. ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, ఒక పిల్లాడు తన లెక్క తానే మళ్లీ చేసుకుంటున్నాడంటే ఆ టీచర్‌కి అంతకంటే ఏం కావాలండి.

ఇక్కడ ఒక చిన్న మాట. బెజవాడ క్లాసుల్లో ఈ లెక్క చేసేటప్పుడు కాస్త చూసుకుని చెయ్యాలి. ఆ వరదలో రోజుల తరబడి నీళ్లల్లో ఉన్న ఇళ్ల పిల్లలు ఉంటారు. మా క్లాసులో సింగ్ నగర్ పిల్లాడు లేచి, ‘మేడం మా ఇంట్లోకొచ్చింది ఈ నీళ్ళు కాదు, అవి బుడమేరు నీళ్ళు’ అన్నాడు. కరెక్టే కదా, అటు బుడమేరుకి గండ్లు పడ్డాయి, ఇటు కృష్ణ పొంగింది, రెండూ వేరు వేరు. వాడు చెప్తుంటే క్లాసంతా విన్నారు. ఎంత లోతు వచ్చింది, ఎన్నాళ్ళు ఉంది అని నేను రెట్టించి అడగలేదు, వాడే చెప్తే చెప్పాడు, లేకపోతే లేదు.

ఇంకో ముక్క మిగిలింది, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. ఒక అబ్బాయి అడిగాడు, ‘అన్ని నీళ్ళు వస్తుంటే గేట్లు మూసేసి బ్యారేజీలోనే ఆపుకోవచ్చు కదా మేడం, కిందకి ఎందుకు వదిలారు?’ పెద్దవాళ్ళు కూడా అడిగే ప్రశ్నే ఇది. నేను జవాబు చెప్పలేదు. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలు, కొంచెం అటూ ఇటూగా. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఖాళీ బ్యారేజీ ఆ వరదకి ఎంతసేపట్లో నిండుతుంది? మళ్లీ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయండి. వారం అని ఒకరు, రెండు రోజులు అని ఎక్కువమంది, ఒక్క రోజు అని ఇద్దరు ముగ్గురు. ఇప్పుడు చెయ్యండి. 300 కోట్లని 11 లక్షల 43 వేలతో భాగిస్తే 2,600 పైచిలుకు. ఏంటవి, రోజులా? సెకన్లు. అరవైతో భాగిస్తే 43, 44 నిమిషాలు.

మా స్కూల్లో పీరియడ్ 45 నిమిషాలండి. అంటే నేను క్లాసులోకి వచ్చినప్పుడు గేట్లు మూస్తే, బెల్లు కొట్టే లోపల బ్యారేజీ నిండిపోయి పైనుంచి పొర్లుతుంది. ఇక గేట్లు ఎందుకు ఎత్తారని ఎవరూ అడగలేదు. మరి నాగార్జునసాగర్ అయితే, అని ఒకడు మొదలుపెట్టాడు. దాని కెపాసిటీ 312 టీఎంసీలు, ఈ వరద రోజంతా అలాగే పారితే దాదాపు 99 టీఎంసీలు, కాబట్టి పూర్తిగా ఖాళీగా ఉన్నా మూడు రోజుల పైన కొంచెం. అది వాళ్ళే ఇంటి దగ్గర చేసుకొచ్చారు. నేను హోంవర్క్ ఇవ్వలేదు, ఇది రికార్డు అవుతోంది కాబట్టి మళ్లీ చెప్తున్నా, నేను హోంవర్క్ ఇవ్వలేదు.

దీన్ని విని ‘ఓహో, లెక్కలన్నీ నిజ జీవితంతో ముడిపెట్టాలి అంటున్నారన్నమాట’ అనుకోకండి. అలా అనుకునే పుస్తకాల్లో రాము అరవై పుచ్చకాయలు కొంటున్నాడు. రాము అన్ని పుచ్చకాయలు ఏం చేసుకుంటాడో ఏ పిల్లాడికీ పట్టదు, జవాబు వచ్చినా రాకపోయినా వాడికి ఒకటే. నిజ జీవితం ఉంటే సరిపోదు, ఆ జవాబు తెలుసుకోవాలని పిల్లాడికి అనిపించాలి. గుంటూరు మిర్చి యార్డు పేరు పెట్టి ప్రశ్న రాసినంత మాత్రాన అది మిర్చి యార్డు లెక్క అయిపోదు.

అసలు జీవితంతో ఏ సంబంధం లేకుండా కూడా పిల్లలు లెక్కల్లో మునిగిపోతారు. చింతపిక్కలు ఇచ్చి చూడండి. ఒక పిక్క పెట్టు, దాని చుట్టూ మూలగా మూడు పెట్టు, చదరం వచ్చింది, నాలుగు. దాని చుట్టూ ఐదు పెట్టు, మళ్లీ చదరం, తొమ్మిది. తర్వాత ఏడు, పదహారు. బేసి సంఖ్యలు వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ చదరమే. మొదటి వంద బేసి సంఖ్యలు కలిపితే ఎంత అని అడిగితే ఐదో తరగతి పిల్ల కూడా కూడకుండానే పదివేలు అంటుంది. అందులో కృష్ణా లేదు, యార్డూ లేదు.

ఇటు బెజవాడలో, అటు గుంటూరులో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు, షార్ట్‌కట్లు, ఫార్ములా షీట్లు. నేను వాటిని తిట్టడానికి ఇక్కడికి రాలేదు, ఆ పిల్లల్లో నిజంగా తెలివైనవాళ్ళు ఉన్నారు, అమ్మానాన్నలు ఏం కోరుకుంటున్నారో నాకు తెలుసు. కానీ ఆ స్పీడులో ఒకటి పోతుందండి, ‘ఎంత ఉండొచ్చు’ అని ఆగి అనుకునే ఆ అర నిమిషం. అది లేకపోతే ఒక మనిషి బరువు 650 కేజీలు అని జవాబు వచ్చినా కింద రెండు గీతలు గీసి పేపరు ఇచ్చేస్తారు. దిద్దేది మేమే కాబట్టి చెప్తున్నా.

అందుకే టీచర్లకి నేను చెప్పేది ఒక్కటే. ఒక్కటే. రోజుకి ఒక్క లెక్కకి, చేసే ముందు, జవాబు ఎంత ఉండొచ్చో ప్రతి పిల్లాడూ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయాలి. పెన్నుతో వద్దు, పెన్నంటే భయపడతారు. రాసింది తప్పయితే చెరపనివ్వొద్దు, దానికి మార్కులు వద్దు, ఎవరిది దగ్గరగా ఉందని చప్పట్లు కూడా వద్దు, చప్పట్లు మొదలైతే పక్కవాడిది చూసి రాయడం మొదలవుతుంది. రెండు నిమిషాలు పడుతుంది. సిలబస్ అవ్వదు మేడం అంటారు, తెలుసు, నాకూ ఇనస్పెక్షన్లు ఉంటాయి, గేమ్స్ పీరియడ్ లాక్కునే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ రెండు నిమిషాలు ఎక్కడికీ పోవు, ఒకసారి ఊహించి రాశాక జవాబు తేలేదాకా పిల్లాడు బల్ల మీద తల వాల్చడు, మళ్లీ మళ్లీ చెప్పే పని తగ్గుతుంది.

ఇంట్లో అమ్మానాన్నలకి అయితే ఇంకా తేలిక. మన ఇళ్లల్లో అప్పుల మాట ఎలా ఉంటుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటాం. పుస్తకంలో సంవత్సరానికి ఇంత శాతం అని ఉంటుంది. ఈ రెండూ ఒకటేనా అని పదో తరగతి పిల్లని అడగండి, ముందు ఊహించి చెప్పమనండి. నూటికి రెండు అంటే నెలకి, కాబట్టి ఏడాదికి 24 శాతం, యాభై వేలు తెస్తే నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు వడ్డీకే. ఆ పిల్ల మిమ్మల్ని ఇంకో ప్రశ్న అడుగుతుంది, మరి బ్యాంకులో ఎంత అని. దానికి మీరు రెడీగా ఉండండి.

టైం అయిపోయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. వినే పిల్లలకి ఒక లెక్క ఇచ్చేస్తాను. ఎకరం పొలం మీద ఒక్క సెంటీమీటరు వాన పడింది. పొలంలోంచి నీళ్ళు ఎక్కడికీ పోలేదు, ఇంకలేదు. అవి ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు? ట్యాంకరు మన ఐదువేల లీటర్లదే. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, మిగతాది మీకు తెలుసు. ముందు పెన్సిల్, మార్జిన్. ఇంట్లో తాతయ్యది పొలం అయితే ఆయన్ని కూడా ఊహించి చెప్పమనండి, మీ కంటే ఆయనే దగ్గరకొస్తారని నా అనుమానం. ఉంటానండి, నమస్కారం.