బండి నడిపేది మనవాడే అయినప్పుడు

(హనుమకొండలో రహదారి భద్రతా మాసం సందర్భంగా చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. హెల్మెట్ గురించి, సీటు బెల్టు గురించి ట్రాఫిక్ పోలీసులు నాకంటే బాగా చెబుతారు. నేను వాహన బీమాలో సర్వేయర్‌గా, అంటే దెబ్బతిన్న బండి నష్టాన్ని అంచనా వేసేవాడిగా పనిచేసినవాణ్ణి. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "మా బావ తాగి కారు నడుపుతాడు, ఎవరు చెప్పినా వినడు. బీమా కంపెనీకి రాస్తే ఫలితం ఉంటుందా?" కొందరి బాధ బావతో కాదు, డెబ్బై దాటిన మామయ్యతో. దీనికి అందరి ముందు జవాబు చెప్పాలని వచ్చాను.

రాయడం తప్పు కాదు. కానీ దానివల్ల ఆ బండి ఆగదు. మన దేశంలో మోటారు బీమా ప్రధానంగా బండిని చూసి ఇస్తారు, నడిపే మనిషిని చూసి కాదు. కారు థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టేది, ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ముందే ఖరారై ఉంటుంది. మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో, క్లెయిమ్ పెట్టని ఏళ్లకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే తగ్గింపు ఉంటుంది. నో క్లెయిమ్ బోనస్ అనే ఆ తగ్గింపు క్లెయిమ్ పెడితే పోతుంది గానీ, బంధువు రాసిన ఉత్తరంతో పోదు. అమెరికాలో ఉన్న పిల్లలు "కంపెనీకి చెప్పేయండి నాన్నా" అంటారు. అక్కడి పద్ధతి వేరు. ఇంట్లో ఎవరెవరు నడుపుతారు, ఎవరి పేరు మీద ఎన్ని ప్రమాదాలున్నాయి అని చూసి ప్రీమియం వేస్తారు. కాలిఫోర్నియాలోనైతే ఇంటివాళ్లే వాహన శాఖకు రాసి, పెద్దాయనకు మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెట్టమని కోరవచ్చు.

ఇక్కడ ఆ పని చేయగలిగింది లైసెన్సులిచ్చే ఆర్టీఏ ఆఫీసు. 1988 మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ చదవండి. తాగుడుకు బానిసైనవాడు, గతంలో నడిపిన తీరుతో ప్రజలకు ప్రమాదకారి అని తేలినవాడు ఉంటే, అతని మాట కూడా విన్న తర్వాత లైసెన్సు రద్దు చేసే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉంది. జబ్బు వల్ల, వైకల్యం వల్ల నడపలేని స్థితిలో ఉన్నారని నమ్మడానికి కారణం కనిపిస్తే 16వ సెక్షన్ కింద వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చు. ఊరికే "రాష్‌గా నడుపుతాడు" అని రాస్తే ఎవరూ కదలరు. తేదీ, స్థలం, బండి నంబరు, జరిగింది జరిగినట్టు రాసి, మీ పేరు పెట్టి ఇవ్వండి.

అయితే మామయ్య విషయంలో దరఖాస్తుతో మొదలుపెట్టకండి. ముందు ఆయన కారు ఎడమవైపు బంపరు మూల చూడండి. పాత గీత మీద కొత్త గీత, దాని మీద గోడ సున్నం కనిపిస్తే విషయం సగం అర్థమైనట్టే. ఒక రాత్రి ఆయన పక్కన కూర్చుని ములుగు రోడ్డులో వెళ్లండి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాక్టర్ ట్రాలీల్లో వెనుక లైటు లేనివి, రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా లేనివి ఎన్నో. శుక్లాలు వచ్చిన కంటికి ఎదుటి లారీ హెడ్‌లైటు వెలుతురు చెదిరిపోయి కళ్లంతా కమ్మేస్తుంది. ఆ వెలుతురు దాటేసరికి ట్రాలీ ముందే ఉంటుంది. ఆయన బ్రేకు ఎప్పుడు వేశారో మీరే చూస్తారు. ఆ మాట అల్లుడి ముందు అనకండి, మనవల ముందు అసలే అనకండి. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శుక్లాల ఆపరేషన్ తర్వాత మళ్లీ చక్కగా నడిపేవారు ఎందరో ఉన్నారు. యాభై అయిదు దాటాక లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, వైద్య ధ్రువపత్రం కావాలి. ఆ సంతకం ఎంత తేలిగ్గా దొరుకుతుందో మీకు తెలుసు. మన ఇంటి పెద్ద విషయంలోనైనా నిజంగా పరీక్ష చేయిద్దాం.

బావ సంగతి వేరు. ముందు ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, ఎవరి పేరు మీద ఉందో చూడండి. చాలా ఇళ్లలో అది అన్న పేరు మీదో కొడుకు పేరు మీదో ఉంటుంది. తాళం చెవి ఇవ్వనని చెప్పే హక్కు యజమానిది, ఇచ్చినందుకు పరిహారం భారం కూడా యజమాని మీదే పడవచ్చు. పద్దెనిమిది నిండని కొడుకుకు బండి ఇస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

ఇంటి గుట్టు రోడ్డున పెట్టామంటారని భయపడతారు. ఎదురుగా టీవీఎస్ మీద భార్యాబిడ్డలతో వచ్చే మనిషికి కూడా ఇల్లుంది కదా!

బీమా కంపెనీకి తప్పనిసరిగా నిజం చెప్పాల్సిన సందర్భం మాత్రం ఒకటుంది, అది ప్రమాదం జరిగిన తర్వాత. తాగినవాణ్ణి దాచి, లైసెన్సున్న తమ్ముణ్ణి డ్రైవరుగా నిలబెడతారు. సాక్షిగా మీ సంతకం అడుగుతారు. ఇది మోసం, పైగా దాగదు. మన కార్లలో డ్రైవరుకు బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది. తమ్ముడికి కమిలిన గీత ఎడమ భుజం మీద ఉంటే అతను పక్క సీట్లో కూర్చున్నట్టే. సీటు ఎంత వెనక్కి జరిపి ఉంది, ఆసుపత్రి రికార్డులో మొదట ఎవరి పేరు రాశారు అన్నవి కూడా చూస్తాం. నడిపింది ఎవరని అడిగితే అసలు పేరే చెప్పండి. దానివల్ల గాయపడినవారికి పరిహారం అందకుండా పోతుందన్న బెంగ వద్దు. ముందు వారికి చెల్లించి, ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఎన్నోసార్లు కంపెనీలను ఆదేశించాయి. మీ మాటతో ఆగేది బావ కారు రిపేరు డబ్బు.