పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచాలా? బాబాయి టీ480 ముందు కూర్చొని ఒక సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మాట మా బాబాయి ల్యాప్‌టాప్ గురించి. 2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 అది. ఒక ఆఫీసులో వాడి తీసేసినదాన్ని ఆయన సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నారు. ఆదివారం డల్లాస్‌లో ఉన్న చెల్లితో వీడియో కాల్ మాట్లాడుతూ బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్ తెరిచారంటే చాలు, చెల్లి ముఖం తెర మీద అలాగే నిలిచిపోతోంది. ర్యామ్ వేయిస్తే బాగుపడుతుందా, కొత్తదే కొనాలా అని ఆయన అడిగారు. ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్న మా పెద్దనాన్నగారి అబ్బాయిని అందుకే పిలిచాను. అన్నయ్యా, ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నయ్య: ర్యామ్, అంటే నడుస్తున్న పనులను యంత్రం తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ, నిజంగా చాలడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే, యంత్రంలో ఏది ఎంత వాడకంలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అన్నీ మూసేసి తీరిగ్గా చూస్తే ఏమీ తెలియదు. యంత్రం మొరాయించే ఆ ఆదివారం కాల్ సమయంలోనే చూడాలి.

వ్యాఖ్యాత: అలాగే చూశాను. 8 జీబీలో వాడుకోవడానికి 7.8 మాత్రమే ఉన్నట్టు చూపించింది. కాల్ మొదలైన కాసేపటికి వాడకం 7.3కి చేరింది. ‘కమిటెడ్’ అన్నచోట 12 దాటింది.

అన్నయ్య: ఆ తగ్గిన కొంచెం ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ వంటివాటి కోసం పక్కన పెట్టినది. ఇక కమిటెడ్ అంటే ప్రోగ్రాములన్నీ కలిసి తమకు కావాలని రాయించుకున్న మొత్తం. అది ర్యామ్‌ను దాటినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. కానీ వాడకం అంచుదాకా వచ్చి, అదే సమయంలో డిస్క్ కూడా ఊపిరాడకుండా పనిచేస్తూ ఉంటే, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తూ, మళ్లీ అవసరం పడగానే వెనక్కి తెచ్చుకుంటూ ఉందని అర్థం. చెల్లి ముఖం నిలిచిపోయేది చాలావరకు ఆ క్షణంలోనే. అలా కాకుండా ప్రాసెసర్ నూరు శాతం దగ్గర ఉండి మెమరీ సగమే నిండి ఉంటే, ర్యామ్ మీద పెట్టిన డబ్బు దండగ. లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నవారికి నేను ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించుకోమనే చెబుతాను.

వ్యాఖ్యాత: బాబాయిది ఎస్ఎస్‌డీనే. అయితే ఇంత పాతదాని మీద ఖర్చు పెట్టడం సబబేనా?

అన్నయ్య: టీ480లో ఎక్కువగా వచ్చినవి 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. బాబాయిది ఆ గీతకు ఇవతల ఉంది కాబట్టి ఖర్చు పెట్టవచ్చు. అదే 4వ తరం యంత్రమైతే, విండోస్‌కు బదులు లినక్స్ వాడే ఆలోచన ఉంటే తప్ప, నేను ఒప్పుకోను.

వ్యాఖ్యాత: ఆ 4వ తరం యంత్రంతోనే నేను దెబ్బతిన్నాను. దానికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావాలి. నేను దుకాణంలో అడిగి తెచ్చుకున్నది 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3. రెండింటికీ 204 పిన్నులే, గాడి కూడా ఒకేచోట ఉంటుంది కాబట్టి చక్కగా అమరింది. తెర మాత్రం వెలగలేదు. కవరు చింపిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణంవారు అన్నప్పుడు చాలా బాధ కలిగింది.

అన్నయ్య: అందుకే ముందు ఉన్న ర్యామ్ స్టిక్‌ను బయటికి తీసి, దాని మీది కాగితం ఫోటో తీసుకొని బజారుకు వెళ్లాలి. అసలు తీయడానికి స్టిక్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. 2012లో వచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో, ఈనాటి చాలా పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్న రోజున ఎంత ఉంటే చివరిదాకా అంతే. ఇది నాకు మింగుడుపడని సంగతి, ఎందుకంటే బాగా నడిచే యంత్రాలు కేవలం ఈ ఒక్క కారణంతో మూలకు చేరడం రోజూ చూస్తున్నాను. టీ480లో రెండు స్లాట్లు ఉంటాయి, బాబాయిదాంట్లో ఒకటి ఖాళీ.

వ్యాఖ్యాత: అయితే అందులో ఏది వేయాలి?

అన్నయ్య: ఇంకో 8 జీబీ, ల్యాప్‌టాప్ సైజు డీడీఆర్4, 260 పిన్నులది. ఈ యంత్రం 2400 వేగంతో నడుస్తుంది. 3200ది వేసినా 2400కే దిగి పనిచేస్తుంది కాబట్టి వేగం కోసం ఎక్కువ ఇవ్వకు. రెండు స్లాట్లలో సమానంగా ఉంటే రెండు దారుల్లోనూ డేటా నడిచి గ్రాఫిక్స్ కూడా కొంత మెరుగుపడుతుంది. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. బాబాయి పనికి 16 జీబీ ధారాళంగా సరిపోతుంది, 32 దాకా వెళ్లవద్దు.

వ్యాఖ్యాత: ఇంట్లో వేసుకోవచ్చా?

అన్నయ్య: వేసుకోవచ్చు, కానీ దీనికి రెండు బ్యాటరీలు ఉంటాయని మరచిపోకూడదు. వెనకది చేత్తో ఊడదీయవచ్చు, లోపలిదాన్ని మాత్రం బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లి ఆపాలి. కింది మూత స్క్రూలు వదులవుతాయే గానీ ఊడి రావు, ఇంకా తిప్పాలేమో అని బలవంతం చేయకు. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా లోహపు వస్తువును ఒకసారి తాకి, స్టిక్‌ను అంచులు పట్టుకొని, ఏటవాలుగా స్లాట్‌లోకి జొనపాలి. బంగారు రంగు పళ్లు దాదాపుగా లోపలికి మునిగాక కిందికి నొక్కితే రెండువైపుల కొక్కేలూ టక్కుమని పట్టుకుంటాయి. ఆ శబ్దం వినిపించేదాకా మూత పెట్టవద్దు. మొదటిసారి వెలిగించినప్పుడు కొత్త మెమరీని సరిచూసుకుంటూ తెర కాసేపు నల్లగానే ఉండవచ్చు. నిమిషంపాటు ఓపిక పట్టు, భయపడి స్విచ్ ఆపేయకు.

వ్యాఖ్యాత: ఇక పనైపోయినట్టేనా?

అన్నయ్య: ఆ రాత్రి మెమరీలో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామును నడవనిచ్చి పడుకోండి. ఉదయానికి ఒక్క తప్పు చూపించినా, బిల్లు తీసుకొని స్టిక్‌ను ఆ రోజే మార్పించుకోవాలి.