చెత్త బండి మీద కాటా: కొనే ముందు ఏం చూడాలి, తేడా వస్తే ఎక్కడ వెతకాలి

అందరికీ నమస్తే అండి. ఈరోజు కాంపాక్టర్ బండ్ల (చెత్తని లోపలే నొక్కి కుదించే బండ్లు) మీద పెట్టే కాటా సిస్టమ్ చూద్దాం, అదే, బాడీకి ఛాసిస్‌కి మధ్య నాలుగు లోడ్ సెల్స్ (బరువుని చిన్న కరెంటు సిగ్నల్‌గా మార్చే సెన్సర్లు) బిగించి క్యాబిన్‌లో డిస్‌ప్లే పెడతారు కదా, ఆ రకం. యాక్సిల్ దగ్గర సెన్సర్ పెట్టే రకం కూడా ఉంది, బిగించడం ఈజీ, కానీ మన బండ్లకి ఎక్కువగా కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులు) కదా, ఆ పట్టీల రాపిడి వల్ల లోడ్ ఎక్కేటప్పుడు ఒక లెక్క దిగేటప్పుడు ఇంకో లెక్క చూపిస్తుంది. ఓవర్‌లోడ్ అయిందా లేదా తెలియడానికి పర్లేదు, టన్నుల లెక్కన బిల్లు కట్టే పనికి మాత్రం నేను వద్దంటాను.

అందరూ జీపీఎస్ ఉందా యాప్ ఉందా అని అడుగుతారు, అవన్నీ తర్వాత. సర్వీస్ మెనూలోకి వెళ్తే నాలుగు సెల్స్ మిల్లీవోల్టులు విడివిడిగా కనపడుతున్నాయా? టోటల్ ఒక్కటే చూపించేది అయితే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, ఎందుకంటే రేపు తేడా వచ్చినప్పుడు ఏ మూల పోయిందో తెలీక జంక్షన్ బాక్స్ (నాలుగు సెల్స్ వైర్లు కలిసే డబ్బా) విప్పి ఒక్కో వైరూ తీసి చూసుకోవాలి, ఆ పూట బండి షెడ్డులోనే.

ఒక లెక్క చెప్తా వినండి. 10 టన్నుల సెల్, ప్లేట్ మీద 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ అని ఉంది, అంటే మనం ఇచ్చే ఒక్కో వోల్టుకి పూర్తి బరువు మీద 2 మిల్లీవోల్టులు, ఇండికేటర్ (క్యాబిన్‌లోని డిస్‌ప్లే) 5 వోల్టులు ఇస్తోంది, అంటే పూర్తి 10 టన్నులకి వచ్చేది 10 మిల్లీవోల్టులే. ఖాళీ బాడీ 5 టన్నులు అనుకుంటే ఒక్కో సెల్ మీద సగటున టన్నుంపావు, అంటే 1.25 మిల్లీవోల్టులు. ప్యాకర్ (చెత్త నొక్కే భాగం), టెయిల్‌గేట్ (వెనక తలుపు) బరువంతా వెనకే కాబట్టి వెనక రెండూ ఎక్కువ చూపిస్తాయి, అది మామూలే. ఇంత చిన్న సిగ్నల్ కాబట్టే కొంచెం తేమ చేరినా రీడింగ్ ఎటో వెళ్ళిపోతుంది.

రోజూ చేయాల్సింది చిన్న పనే అండి. అన్‌లోడ్ అయ్యాక, హాపర్ (వెనక చెత్త వేసే తొట్టి) శుభ్రంగా ఖాళీ అయ్యాక, చదునైన చోట, ప్యాకర్ ఆపేసి ఖాళీ రీడింగ్ నోట్ చేయాలి, *జీరో బటన్ నొక్కకముందే*. ముందే నొక్కేస్తే తప్పు ఎక్కడుందో దాచేసినట్టే. రోజుకి కొంచెం పెరుగుతూ వస్తుంటే లోపల చెత్త అతుక్కుపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఎగిరితే గట్టి దెబ్బ తగలడమో నీళ్ళు పోవడమో, అంకెలు ఊరికే డాన్స్ చేస్తుంటే లూజ్ వైరో కేబుల్ షీల్డ్ (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) తెగడమో అయ్యుంటుంది.

ఇంకొకటి, ఖాళీగా బాగానే ఉండి నిండే కొద్దీ తక్కువ చూపిస్తుంది. దీనికి సెల్ మార్పించేస్తారు, అనవసరంగా. ముందు టార్చ్ పట్టుకుని బాడీకి ఛాసిస్‌కి మధ్య సందులో చూడండి, బురద, కవర్లు, గుడ్డపేలికలు, కొబ్బరి పీచు అన్నీ దట్టించుకుపోయి రాయిలా ఎండి ఉంటాయి, బరువులో కొంత సెల్ మీద పడకుండా అటు నుంచే ఛాసిస్‌కి దిగిపోతోంది. బిగుసుకున్న హైడ్రాలిక్ పైపు ఉన్నా ఇదే కథ.

సందు క్లీన్‌గా ఉంటే అప్పుడు జంక్షన్ బాక్స్ విప్పండి. మూత తీయగానే టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము, అడుగున చెమ్మ, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ప్రెషర్ వాషర్‌తో నేరుగా గ్లాండ్ (కేబుల్ బాక్స్‌లోకి దూరే చోట ఉండే సీలు) మీద కొడితే నీళ్ళు పోకుండా ఎలా ఉంటాయి చెప్పండి? గ్లాండ్స్ కిందికి చూసేలా బిగించమనండి. తర్వాత పవర్ తీసేసి, ఒక్కో సెల్ వైర్లు బాక్స్ నుంచి విడదీసి, మీటర్‌తో సిగ్నల్ వైర్ల మధ్య చూస్తే చాలా సెల్స్‌కి 350 ఓమ్స్ దగ్గర రావాలి, పక్కనున్న మంచి సెల్‌తో పోల్చుకోండి. ఇన్సులేషన్ చూడాలంటే ఇండికేటర్ నుంచి విడదీసి, 50 వోల్టులు దాటకుండా చూడండి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెడితే సెల్‌కే ప్రమాదం. బాడీకి వెల్డింగ్ చేసేటప్పుడైతే సెల్ కేబుల్స్ పీకేసి, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటికి పక్కనే పెట్టమనండి, లేకపోతే ఆ కరెంటు సెల్ లోంచే పోతుంది.

ఇదంతా ఎందుకింత చెప్తున్నానంటే బండి మీద ఒక లెక్క, వేబ్రిడ్జి మీద ఒక లెక్క వస్తే మొదట మాట పడేది డ్రైవరే, దార్లో చెత్త దింపేశావా అని. వానాకాలం తడి చెత్త నీళ్ళు దారంతా కారితే బరువు నిజంగానే తగ్గుతుంది. వాలు మీద 5 డిగ్రీలు ఒరిగి ఆగినా 8 టన్నులకి ఓ 30 కిలోలు తక్కువ చూపిస్తుంది. ఇవి చూడకుండా మనిషిని అనడం చాలా అన్యాయం. ఓవర్‌లోడ్‌కి కూడా అంతే, రెండు యాక్సిళ్ళ బండికి 2018 నుంచి మొత్తం గరిష్ఠంగా 18.5 టన్నులు, దాటితే 20,000 ఫైన్, పైన టన్నుకి ఇంకో 2,000, తడి చెత్త అయితే బాడీ నిండకుండానే దాటేస్తుంది, డ్రైవర్‌కి అది కంటితో ఎలా తెలుస్తుంది?

నా వరకు నాలుగు సెల్స్ రకమే, విడివిడి రీడింగ్ ఉంటేనే. ఆ రీడింగ్ మీద బిల్లు కట్టాలనుకుంటే మాత్రం తూనికలు కొలతల శాఖ స్టాంపింగ్ (తనిఖీ చేసి వేసే ముద్ర) ఈ మోడల్‌కి వస్తుందా అని అమ్మేవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, అది లేనంతవరకు వేబ్రిడ్జి స్లిప్పే లెక్క.